నల్లా నీటి కింద విజయపురి



ఈ టపా రాయాలనుకొని చాలాకాలమయింది. మొదలుపెట్టిన ప్రతిసారీ ఒక పాత తప్పు అడ్డువచ్చి కలం ఆగేది. ఆ తప్పు నాదే. దాన్ని ఒప్పుకోకుండా చరిత్ర మాత్రం చెబితే సగం మాట దాచినట్టవుతుంది గనుక అక్కడినుంచే మొదలుపెడతాను.

2017 జనవరిలో నా పూర్వవిద్యార్థి ఒకడు ఎల్బీ నగర్‌లోని మా ఇంటికి వచ్చాడు. నల్లగొండ జిల్లాలో నేను తెలుగు పండితుడిగా పనిచేసిన ఒక జిల్లా పరిషత్ పాఠశాలలో చదివిన పిల్లవాడు. చాలా ఏళ్ళుగా ఐరోపాలో ఉద్యోగం. ఇటలీ వెళ్ళి పాంపేయి శిథిలాలు చూసివచ్చాడట. కాఫీ తాగుతూ తన ఫోన్‌లోని ఛాయాచిత్రాలు చూపించాడు. రాతి పలకలు పరచిన వీథులు, వాటి మీద బండిచక్రాలు చేసిన గాళ్ళు, గోడల మీద ఇంకా వెలిసిపోని రంగులు, వేలమంది కూర్చునేందుకు మెట్లుమెట్లుగా కట్టిన రంగస్థలం. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై ఒక నగరాన్ని బూడిదలో కప్పేసింది. 1748లో మొదలైన తవ్వకాలు దాన్ని మళ్ళీ వెలుగులోకి తెచ్చాయి. వాడు చెబుతున్నంతసేపూ వాడి కళ్ళలో మెరుపు.

చివరికి అన్నాడు: "సార్, మనవైపు ఇట్లాంటి నగరం ఒక్కటీ లేకపోయె కదా!"

"లేకపోవడమేమిటి నాయనా! నువ్వు దాని ఒడ్డుదాకా వెళ్ళివచ్చావు" అన్నాను.

వాడికి అర్థం కాలేదు. 1993లో ఏడో తరగతి పిల్లల్ని నేను నాగార్జునసాగర్ విహారయాత్రకు తీసుకువెళ్ళాను. వాడు అందులో ఉన్నాడు. ఆనకట్ట చూపించాను. 26 గేట్లు లెక్కపెట్టించాను. రాతితో కట్టిన ఇంత పెద్ద ఆనకట్ట ప్రపంచంలో అరుదని చెప్పాను. ఆధునిక దేవాలయమని పాఠంలో ఉన్న మాటను వల్లె వేయించాను. పులిహోర పొట్లాలు విప్పి తినిపించి, పొద్దువాలేసరికి బస్సెక్కించి వెనక్కి తెచ్చాను. ఆ నీటి అడుగున ఒక రాజధాని ఉందన్న మాట మాత్రం చెప్పలేదు. తెలియక కాదు. పరీక్షలో రాదని చెప్పలేదు.

ఇదంతా వాడికి చెప్పాను. వాడు కాసేపు మాట్లాడలేదు. "అయితే రేపు పోదాం సార్" అన్నాడు.

మరునాడు తెల్లవారకముందే బయలుదేరాం. మా ఎల్బీ నగర్ నుంచి సాగర్‌కు వెళ్ళే దారి అందరికీ తెలిసినదే. సాగర్ రింగురోడ్డు చౌరస్తా, బీఎన్ రెడ్డి నగర్, తుర్కయాంజాల్, ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్, చింతపల్లి, కొండమల్లేపల్లి, పెద్దవూర. నందికొండలో లాంచీ ఎక్కి జలాశయం నడుమ ఉన్న ద్వీపానికి చేరాం. ద్వీపమని ఇప్పుడు అంటున్నాం గాని, అది నిజానికి కొండ తల. కొండ చుట్టూ ఉన్న లోయంతా నీటిలో ఉంది. ఆ లోయలోనే ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది.

క్రీస్తుశకం మూడవ శతాబ్దంలో శాతవాహనుల ప్రాభవం అస్తమించాక కృష్ణాతీరాన్ని ఏలినవారు ఇక్ష్వాకులు. వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు, మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు, ఎహువల చాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు అని నలుగురు రాజుల పేర్లు శాసనాలలో కనిపిస్తాయి. మొదటి చాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. ఆయన చెల్లెలు చాంతిసిరి మాత్రం బౌద్ధ మహాచైత్యానికి ముఖ్యదాత. ఒకే ఇంట్లో అన్న యజ్ఞశాలకు, చెల్లెలు చైత్యానికి వెళ్ళేవారన్నమాట. ఆ కొండను ఆనాటి శాసనాలు శ్రీపర్వతమన్నాయి. నాగార్జునకొండ అనేది తరువాతి పేరు.

ఈ నగరాన్ని రోమన్ నగరమని నేను అనను. ఇది మన నగరం. కాని రోము వాసన తగిలిన నగరం. ఆ వాసన ఎక్కడెక్కడ తగులుతుందో చెబుతాను.

మొదటిది నాణేలు. ఈ లోయ తవ్వకాలలో రోమను బంగారు నాణేలు దొరికాయి. ఒకటి టైబీరియస్ చక్రవర్తిది. ఆయన పాలన క్రీ.శ. 14 నుంచి 37 వరకు. మరొకటి ఆంటొనైనస్ పయస్ భార్య ఫాస్టినా పేరిట వేసినది. చక్రవర్తులు పోయి ఎన్ని తరాలు గడిచినా వారి బంగారం చెలామణిలో ఉండేది. బంగారానికి రాజు చచ్చిపోవడంతో పని లేదు కదా! నల్లగొండ జిల్లాలో అక్కెనపల్లి దగ్గర 1531 రోమను వెండి నాణేలు ఒక్కచోట దొరికాయి. కొండాపురంలో రోమను నాణేలను చూసి మట్టితో చేసుకున్న బిళ్ళలు దొరికాయి. బంగారం కొనలేనివారు మట్టితోనైనా మెడలో ఆ ముద్ర వేసుకొని ముచ్చట తీర్చుకున్నారేమో అనిపిస్తుంది.

ఈ నాణేలు ఇక్కడికి ఎందుకు వచ్చాయి? సన్నని నూలుబట్టల కోసం, మిరియాల కోసం, మణుల కోసం. మొదటి శతాబ్దపు గ్రీకు నావికుడొకడు రాసిన ఎర్రసముద్రపు ప్రయాణ గ్రంథం మన తీరాన్ని మసాలియా అని పిలిచి, అక్కడ నేసే సన్నబట్టలను ప్రస్తావించింది. రెండవ శతాబ్దపు టాలెమీ కొంటకొస్సిల అనే రేవును పేర్కొన్నాడు. అది మన ఘంటసాల. నాగార్జునకొండ శాసనంలోనే ఆ ఊరు కంటకసెల అన్న పేరుతో కనిపిస్తుంది. ఇండియా, చైనా, అరేబియాలు ఏటా పది కోట్ల సెస్టర్సులు పట్టుకుపోతున్నాయని రోములో కూర్చొని ప్లినీ పండితుడు వాపోయాడు. మన ఆడవాళ్ళ నగల ఖర్చు గురించి మనం గొణుక్కున్నట్టే ఆయనా తన ఊరి స్త్రీల షోకుల గురించి గొణుక్కున్నాడు. ఆయన చెప్పిన ఆ సొమ్ములో కొన్ని చుక్కలు ఈ లోయలో రాలాయి.

రెండవది నాకు మరీ ఇష్టమైనది. అది మాట. ఉజ్జయిని మహారాజ బాలిక, మహాదేవి రుద్రధరభట్టారిక మహాచైత్యానికి ఒక రాతిస్తంభాన్ని, 170 దినారి మాషకాలను ఇచ్చినట్టు ఇక్కడి ప్రాకృత శాసనం చెబుతుంది. ఆ దినారి లాటిను దెనారియుస్. 'పదేసి' అన్న అర్థంలోంచి పుట్టిన మాట అది. లాటినులో పదిని దెకెమ్ అంటారు, సంస్కృతంలో దశ అంటాం. రెండూ ఒకే తల్లి బిడ్డలు. విడిపోయి వేల ఏళ్ళయిన ఆ బిడ్డలలో ఒకరు ఓడెక్కి వచ్చి కృష్ణ ఒడ్డున రాతి మీద రెండోవారిని కలుసుకున్నారు. రోములో వెండినాణెమైన దెనారియుస్ మన దేశంలో బంగారు దీనారమయింది. కవిసార్వభౌముడు శ్రీనాథుడు పదిహేనవ శతాబ్దంలో కనకాభిషేకం పొందిన ముచ్చట చెప్పుకొనేనాటికి ఆ మాట ఎంత తెలుగైపోయిందంటే, అది విదేశీపదమని ఎవరికీ గుర్తు లేదు. నేను నలభై బడుల పిల్లలకు సరిపడినన్ని సార్లు తత్సమ తద్భవాలు చెప్పాను గాని, ఈ ఒక్క మాట పుట్టుక ఏ తరగతిలోనూ చెప్పలేదు.

మూడవది శిల్పం. విజయపురి రాజప్రాసాదపు ప్రాంతంలో దొరికిన స్తంభాల మీద మనకు పరిచయం లేని మనుషులున్నారు. ఒకడు గడ్డంవాడు, అరకొర బట్టలవాడు, చేతిలో పానం చేసే కొమ్ము, కాళ్ళ దగ్గర మధుభాండం. గ్రీకు రోమకుల మద్యదేవత డయొనైసస్ రూపమని పండితులు గుర్తించారు. ఇంకొకడు పొడుగు చేతుల అంగీ, పంట్లాము తొడిగిన శకసైనికుడు, చేతిలో బల్లెం. ద్వీపం మీది మ్యూజియంలో మా వాడు ఆ గడ్డపువాడి ముందు చాలాసేపు నిలబడి, "వీణ్ణి నేను అక్కడ చూశాను సార్" అన్నాడు. "వాడే ఇక్కడికి వచ్చి మన శిల్పి చేతిలో పడ్డాడు" అన్నాను.

రాకపోకలు ఏకముఖంగా సాగలేదు. పాంపేయిలో 1938లో ఒక దంతపు బొమ్మ దొరికింది. నగలతో నిండిన భారతీయ స్త్రీమూర్తి. ఇప్పుడు నేపుల్స్ మ్యూజియంలో ఉంది. బూడిద కప్పిన ఆ ఊరి ఇంట్లో మన దేశపు దంతపుపని ఉంది. నీరు కప్పిన ఈ ఊరి రాజసౌధంలో వాళ్ళ దేవుడున్నాడు. ఉపాసిక బోధిసిరి వేయించిన శాసనం కాశ్మీర, గాంధార, చీనాది దేశాలను, తామ్రపర్ణీద్వీపాన్ని పేర్కొంటూ, అక్కడివారికి ధర్మప్రసాదం చేసిన థేరులను స్తుతిస్తుంది. సింహళవిహారం ఒకటి ఈ లోయలోనే ఉండేది.

నాలుగవది, మా వాడు అసలు చూడాలని వచ్చినది, రంగస్థలం. అది ఇప్పుడు ద్వీపం మీద లేదు. కృష్ణకు కుడిగట్టున అనుపు అనే చోట తిరిగి కట్టారు. ఆ సాయంత్రం అక్కడికి వెళ్ళాం. నడుమ దీర్ఘచతురస్రపు ఆవరణ, దాని నాలుగువైపులా పైకి లేచే మెట్లు. మూలస్థలంలో ఇది హారీతి దేవి గుడి ఉన్న గుట్ట పాదంలో ఉండేది.

దీన్ని రోమను ఆంఫిథియేటర్ అని గైడులు చెప్పేస్తుంటారు. ఆ మాట మీద నాకు కొంచెం పేచీ ఉంది. రోమను కట్టడాలు కోడిగుడ్డు ఆకారంలో ఉంటాయి. ఇది నలుచదరపుది. పోనీ మన నాట్యశాస్త్రం చెప్పినదా అంటే, భరతుడు వికృష్టం, చతురస్రం, త్ర్యస్రం అని మూడు ఆకారాల నాట్యగృహాలు చెప్పాడు. వాటిలో రంగం ఒకవైపు, ప్రేక్షకులు ఎదురుగా. ఇక్కడ రంగం నడుమ, జనం నాలుగువైపులా. అంటే ఆకారం మనది, కూర్చునే తీరు వారిది. ఎవరో యవన వర్తకుడు తన ఊళ్ళో జనం ఎట్లా చుట్టూ కూర్చొని వేడుక చూస్తారో చెబితే, విన్న మన స్థపతి తనకు అలవాటైన కొలతలలో దాన్ని కట్టి ఉంటాడని నా ఊహ. ఊహ అనే చెబుతున్నాను, నిర్ణయమని కాదు. మా వాడు కింద నడుమ నిలబడి మామూలు గొంతుతో ఏడో తరగతి నాటి పద్యమొకటి అందుకున్నాడు. పైమెట్టు మీద కూర్చున్న నాకు ప్రతి అక్షరమూ వినిపించింది. రెండో పాదంలో యతి తప్పాడు. దిద్దలేదు.

ఇక ఈ నగరాన్ని వెలికితీసిన కథ. నా వంటి బడిపంతుళ్ళు చెవికెక్కించుకోవలసిన కథ ఇది. 1926లో ఆ ప్రాంతపు ఉపాధ్యాయుడొకరు, సూరపరాజు వెంకటరామయ్య గారు, అక్కడొక పాతస్తంభాన్ని చూసి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. శాసనశాఖలో తెలుగు సహాయకుడిగా ఉన్న సరస్వతి గారు వచ్చి చూశారు. 1927 నుంచి 1931 వరకు లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు జరిపించారు. మహాచైత్యంలో బంగారు కరండంలో ధాతుశకలం దొరికింది. వోగెల్ పండితుడు శాసనాలను చదివి ప్రకటించారు. 1938లో టి.ఎన్. రామచంద్రన్ గారు మళ్ళీ తవ్వించారు. ఇంత కథకూ మొదలు ఒక బడిపంతులు. దారిన పోతూ రాయిని చూసి, ఇది వట్టి రాయి కాదనుకొని, ఉత్తరం రాశాడు. నేనో? బస్సు నిండా పిల్లల్ని తీసుకువెళ్ళి, తెలిసిన సంగతిని కూడా చెప్పకుండా వెనక్కి తెచ్చాను.

ఆ తరువాత ఆనకట్ట వచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోతుందని ముందే తెలుసు గనుక, 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో పురాతత్త్వశాఖ లోయనంతటినీ గాలించింది. రాతియుగపు పనిముట్ల నుంచి మధ్యయుగపు గుళ్ళ వరకు నూటికి పైగా స్థలాలు బయటపడ్డాయి. కోటగోడలు, అశ్వమేధశాల, నదీఘట్టాలు, విహారాలు, స్నానశాలలు, చచ్చిపోయిన వీరులకు ఎత్తిన ఛాయాస్తంభాలు. కొన్ని కట్టడాలను విప్పి తెచ్చి కొండ మీద, అనుపులో తిరిగి నిలబెట్టారు. మరికొన్నిటికి నమూనాలు చేశారు. ఈజిప్టులో అబూ సింబెల్ గుడులను నీటినుంచి తప్పించడానికి ప్రపంచదేశాలు పూనుకోకముందే మనవాళ్ళు ఇక్కడ ఈ పనికి పూనుకున్నారు. అయినా తరలించగలిగినది కొద్ది. ఇటుకలతో కట్టిన నగరం చాలామటుకు అక్కడే ఉండిపోయింది. లోయలోని పుల్లారెడ్డిగూడెం ఊరూ అంతే. ఊరి జనం మూటాముల్లె కట్టుకొని కదలవలసివచ్చింది.

పాంపేయిని ముంచినది అగ్నిపర్వతం. దానికి మనసు లేదు. విజయపురిని ముంచినది మనమే. తెలిసి, తవ్వి, కొలిచి, ఛాయాచిత్రాలు తీసి, ఆపైన ముంచాం. బూడిద తన కింద ఉన్నదాన్ని దాచిపెడుతుంది. నీరు అట్లా కాదు, ఇటుకను నానబెడుతుంది.

అనుపు మెట్ల మీద కూర్చొని మా వాడు ఇదే అన్నాడు. "ఎంత అన్యాయం సార్! ఇటలీవాళ్ళయితే ఇట్లా చేస్తారా?"

అప్పుడు వాడికి నా సంగతి చెప్పవలసివచ్చింది. మాది మిర్యాలగూడ దిక్కు పల్లె. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ గారు సాగర్ కాలువలకు నీరు వదిలేనాటికి నాకు ఏడేళ్ళు. అంతకుముందు మా ఇంట్లో జొన్నగటక. వరి అన్నం పండుగనాడే. కాలువ మా పొలాలదాకా చేరిననాడు మా నాయన బురదలో నిలబడి దోసిలితో నీరు తీసి నెత్తిన చల్లుకున్నాడు. ఆ కాలువ నీటితో పండిన వడ్లు అమ్మి నన్ను ఓరియంటల్ కళాశాలలో చదివించాడు. నేను నేర్చుకున్న ఛందస్సుకూ వ్యాకరణానికీ రుసుము కట్టింది ఆ నీరే. ఆ నీరు నిలవాలంటే ఆ లోయ నిండాలి. చాంతిసిరి కట్టించిన చైత్యం నేల మునిగితేనే మా నాయన పొలం తడిసింది.

ఆ ఎడమకాలువకు లాల్ బహదూర్ శాస్త్రి గారి పేరు పెట్టారు. ఇప్పుడు నేనుంటున్న ఎల్బీ నగర్ కూడా ఆయన పేరిటిదే. ఇంతటితో అయిపోలేదు. సాగర్ జలాశయపు నీటిని ఎత్తిపోసి, అక్కంపల్లి మీదుగా తెచ్చి, శుద్ధిచేసి, మా పక్కనే ఉన్న సాహెబ్‌నగర్‌కు చేర్చి, అక్కడినుంచి నగరానికి పంచుతున్నారు. పొద్దున్నే మా వీథిలో నల్లా వదలగానే బిందెలు పెట్టుకొని ఎదురుచూసేది ఆ నీటి కోసమే. విజయపురి వీథుల మీద నిలిచిన నీరు మా వంటింట్లోకి వస్తోంది. దాన్నే తాగుతూ, దాన్నే తిట్టడం నాకు చేతకాదు. అట్లాగని మునిగినదాన్ని మరచిపోవడమూ ధర్మం కాదు.

వాడు విని, "మరి ఏం చేయాలి సార్?" అన్నాడు.

"ముంచినవాళ్ళం కనీసం పేరైనా చెప్పుకోవాలి. మొన్న నేను చెప్పలేదు. అది నా తప్పు" అన్నాను.

వాడు తిరిగి ఐరోపా వెళ్ళిపోయాడు. నాకు పదవీ విరమణకు ఇంకా కొద్ది నెలలు మిగిలాయి. ఆ డిసెంబరులో తొమ్మిదో తరగతి పిల్లలను తీసుకొని మళ్ళీ బయలుదేరాను. ఈసారి ముందు అనుపు, ఆ తరువాతే ఆనకట్ట. మెట్ల మీద కూర్చోబెట్టి దీనారం కథ చెప్పాను. రుద్రధరభట్టారిక ఇచ్చిన 170 మాషకాల లెక్క చెప్పాను. స్తంభాన్ని చూసి ఉత్తరం రాసిన ఉపాధ్యాయుడి పేరు రెండుసార్లు చెప్పించాను. ఒక ఆడపిల్ల లేచి అడిగింది: "సార్, ఎండాకాలం నీళ్ళు తగ్గితే ఆ ఊరు మళ్ళీ కనబడతదా?"

జవాబు చెప్పడానికి కాసేపు పట్టింది. "మనం చూడాలనుకొనే రూపంలో కనబడదమ్మా. అందుకే ఇక్కడికి తెచ్చి పెట్టారు" అన్నాను. ఆ పిల్ల తలూపి, కూర్చున్న మెట్టును చేత్తో తడిమింది. తిరుగు ప్రయాణంలో పిల్లలు నీళ్ళ సీసాలు పైకెత్తి, "ఇది విజయపురి నీళ్ళు" అని ఒకరినొకరు ఆటపట్టించుకున్నారు. నేను వారించలేదు.

మిత్రులారా, మీలో సాగర్ చూడనివారు తక్కువ. అనుపు చూసినవారు ఎంతమందో! ఈసారి వెళ్ళినప్పుడు గేట్ల దగ్గరే ఆగిపోకండి. పిల్లలను తీసుకువెళ్ళండి. ఆ రంగస్థలం నడుమ నిలబడి ఒక పద్యం చదవండి. వచ్చాక ఇక్కడ రెండు మాటలు రాయండి. యతి తప్పినా ఫరవాలేదు.